సిబ్బిలోంచి చూస్తే కనబడే మన చరిత్ర



మన గ్రూపులో చరిత్ర అనగానే రంప తిరుగుబాటు, జోడేఘాట్, 1/70 చట్టం, పోడు భూములు గుర్తొస్తాయి. అవన్నీ రాసుకోవాల్సిందే, ఇంకా రాసుకుందాం. ఈసారి మాత్రం ఒక చిన్న సామాను పట్టుకొని వంటింట్లోంచి మొదలుపెడదాం అనుకున్నాం. అన్నం వార్చేటప్పుడు కుండ మూతికి అడ్డం పెట్టే సిబ్బి.

"దీంట్లో చరిత్ర ఏముంది?" అని నవ్వొచ్చు. ఉంది. ఈ చిల్లుల మూత వెంట నడుచుకుంటూ పోతే ఏడు వేల ఏళ్ల నాటి కుండపెంకుల దగ్గరికి వెళ్తాం, చేదు గడ్డల దగ్గరికి వెళ్తాం, బెరిబెరి జబ్బు దగ్గరికి, పేపరు మిల్లు దగ్గరికి, బాక్సైట్ కొండల దగ్గరికి వెళ్తాం. చివరికి అటవీ హక్కుల చట్టం దాకా వస్తాం. పోస్టు పెద్దదే, కాస్త ఓపిగ్గా చదవండి.

ఒక పని, ఎన్నో పేర్లు

ముందు మాటలు చూద్దాం. తెలుగులో దీన్ని సిబ్బి అంటారు, చిబ్బి అంటారు, జల్లిమూకుడు అనే మాట కూడా ఉంది. ఇప్పుడు బజార్లో అడిగితే చిల్లుల గిన్నె అంటేనే తెలుస్తుంది. పనికి ఉన్న మాటలు ఇంకా ఎక్కువ. గంజి తీస్తే వార్చడం. గుడ్డలోంచి పోస్తే వడకట్టడం. పిండి అయితే జల్లించడం. చేటతో అయితే చెరగడం. బియ్యంలో రాళ్లు పోవడానికి నీళ్లలో తిప్పితే గాలించడం. ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. రెండు కలిసి ఉన్నప్పుడు ఒకదాన్ని ఉంచుకొని ఇంకోదాన్ని పంపించడం అనేది వంటలో అంత పెద్ద పని.

మన ఊళ్లలో ఈ పనులన్నింటికీ పాతకాలంలో ఉన్న సామాను ఒకటే, వెదురు. బద్దలు చీల్చి, పేళ్లు తీసి, సందులు వదిలి అల్లితే జల్లెడ. సందుల్లేకుండా అల్లితే చేట. లోతుగా అల్లితే గంప. పొడుగ్గా అల్లి వాగులో పెడితే చేపలు పట్టే మావు. మావు కూడా ఒక పెద్ద సిబ్బే కదా, నీళ్లు పోతాయి, చేప ఉంటుంది. అల్లేవాళ్లకు పేళ్ల మధ్య ఎంత సందు వదలాలో చేతికే తెలుసు. సామల జల్లెడ వేరు, చోళ్ల జల్లెడ వేరు. మైదానంలో ఈ పని మేదరివాళ్లది. కొండల్లో కొండరెడ్లు, ఆదిలాబాద్ వైపు కోలాములు వెదురు పనికి పేరున్నవాళ్లు. మిగతా తెగల ఇళ్లలో కూడా ఎవరికి కావాల్సినవి వాళ్లు అల్లుకోవడం ఉండేది.

మట్టి మిగిలింది, వెదురు మిగల్లేదు

పుస్తకాల్లో చిల్లుల గిన్నెల చరిత్ర యూరప్ నుంచి మొదలవుతుంది. పోలండ్‌లో తొలి రైతులు బతికిన చోట్ల తవ్వకాల్లో చిన్న చిన్న చిల్లులున్న కుండపెంకులు దొరికాయి. వాటి వయసు సుమారు 7,000 ఏళ్లు. అవి జున్నులాంటి చీజ్ వడకట్టే కుండలై ఉంటాయని పీటర్ బొగుకీ అనే పురావస్తు శాస్త్రవేత్త 1980లలోనే అన్నాడు. 2012లో శాస్త్రవేత్తలు ఆ పెంకుల్లో ఇంకిపోయిన కొవ్వును పరీక్షించి, అది పాల కొవ్వేనని తేల్చారు. పాలను విరగ్గొట్టి, నీళ్లు పోనిచ్చి, గడ్డను దాచుకునేవాళ్లన్నమాట.

చైనాలో అన్నం ఆవిరిమీద ఉడికించడానికి అడుగున చిల్లులున్న మట్టి పాత్రలు వేల ఏళ్ల కిందటే వాడారు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న హరప్పా, మొహెంజోదారోలలో ఒళ్లంతా చిల్లులున్న పొడుగాటి జాడీలు దొరికాయి. వాటితో పానీయాలు వడకట్టేవాళ్లని కొందరు, నిప్పులు పోసుకొనే కుంపట్లని కొందరు అంటారు, ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. మట్టిని కాలిస్తే వేల ఏళ్లు ఉంటుంది. వెదురు నాలుగు వానలకు చీకి, చెదలు పట్టి మట్టిలో కలిసిపోతుంది. అందుకే తవ్వితే దొరికేది కుండలు చేసినవాళ్ల చరిత్ర. బుట్టలు అల్లినవాళ్ల చరిత్ర తవ్వకాల్లో దొరకడం చాలా అరుదు. దొరకలేదు కాబట్టి లేదు అనుకోవడం తప్పు. అడవిలో బతికిన మన పూర్వీకుల సామాను మళ్లీ అడవిలోనే కలిసిపోయింది. ఆ చరిత్ర ఇప్పుడు మిగిలి ఉన్నది రెండే చోట్ల. మన ముసలివాళ్ల చేతుల్లో, మన వంటల్లో.

చేదును కడిగిన బుట్ట

ఆ వంటల్లోకే వెళదాం. అడవిలో దొరికే గడ్డలన్నీ తవ్వగానే తినేవి కావు. కొన్ని తియ్యగా ఉంటాయి, కాల్చుకొని తినొచ్చు. కొన్ని పచ్చిగా తింటే నోరు మండుతుంది, వాంతులవుతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. డయాస్కోరియా జాతిలో కొన్ని గడ్డల్లో డయాస్కోరిన్ అనే విషం ఉంటుంది. ఈ విషయం లాబొరేటరీలు కనిపెట్టక ముందే మన అవ్వలకు తెలుసు. గడ్డను ఉడకబెట్టి, పలచగా తరిగి, వెదురు బుట్టలో వేసి, పారే వాగులో రాళ్ల మధ్య పెడతారు. రాత్రంతా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ రోజులు నీళ్లు బుట్టలోంచి పారుతూనే ఉంటాయి. విషం నీళ్లతో పోతుంది, ముక్క బుట్టలో ఉంటుంది. నిలవ నీళ్లలో పెడితే ఇది కాదు. కుండలో పెట్టినా ఇంత బాగా కాదు. బుట్టకు సందులు ఉండాలి, నీళ్లు పారాలి.

మామిడి టెంకలోని జీడి కూడా అంతే. ఎండబెట్టి, దంచి, నానబెట్టి, ఆ నీళ్లు మార్చి మార్చి పారబోసి, వగరు పోయాక అంబలి కాస్తారు. జీలుగు చెట్టు మానులోని మెత్తటి గుజ్జును ఎండబెట్టి, దంచి, జల్లించి, ఆ పిండితో జావ చేస్తారు. క్రిస్టోఫ్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లలో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1945లో వచ్చింది. అందులో వాళ్లు జీలుగు గుజ్జు మీద, మామిడి జీళ్ల మీద ఎట్లా నెట్టుకొచ్చేవారో రాశాడు. ఇప్ప పలుకుల నూనె తీసేటప్పుడు కూడా దంచిన పొడిని బుట్టలో పోసి, మరిగే కుండ మీద పెట్టి ఆవిరి పట్టించి, తర్వాత రెండు చెక్కల మధ్య నొక్కడం మధ్య భారత ఆదివాసీల్లో ఉన్న పద్ధతి.

ఈ తెలివి మన ఒక్కళ్లది కాదు. సముద్రాల అవతల అమెజాన్ అడవుల్లో ఆదివాసీలకు చేదు కర్రపెండలం ముఖ్యమైన తిండి. దాంట్లో సైనైడ్ ఉంటుంది. వాళ్లు గడ్డను తురిమి, తిపితి అనే పొడుగాటి అల్లిక గొట్టంలో కూరి, పైన వేలాడదీసి కింద నుంచి లాగుతారు. గొట్టం బిగుసుకొని విషపు రసం కారిపోతుంది, పిండి మిగులుతుంది. ఆ రసాన్ని కూడా వాళ్లు పారబోయరు, బాగా మరిగించి విషం పోగొట్టి పులుసుకు వాడుకుంటారు. మనల్ని, వాళ్లని కలిపిన దారి ఏదీ లేదు. ఇక్కడ వెదురు, అక్కడ ఇంకో నార. సమస్య ఒకటే కాబట్టి జవాబు కూడా ఒకటే దొరికింది.

దీంట్లో ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో, 2024లో కంధమాల్ జిల్లాలో మామిడి జీడి అంబలి తాగి ఆదివాసీలు చనిపోయారు. పేపర్లలో "మామిడి టెంకలు తిని చచ్చిపోయారు" అన్నట్టే రాశారు, వాళ్లకు తిండి తెలియదు అన్నట్టు. వానాకాలంలో చెమ్మ తగిలి బూజు పట్టిన జీళ్లు ఎంత కడిగినా మంచివి కావు. అది పెద్దవాళ్లకు తెలియని సంగతి కాదు. ఇంట్లో గింజలు లేని రోజుల్లో బూజు పట్టినదాన్ని కూడా పారేయలేని పరిస్థితి గురించే మనం అడగాలి. మీ ఊళ్లో ఎవరైనా జీళ్లు దాచుకుంటే ఒక మాట చెప్పండి. బూజు కనబడితే కడగడం కాదు, పారేయడమే.

గంజి పోయింది, కాళ్లు వాచాయి

ఇప్పుడు కొండ దిగి మైదానానికి వద్దాం. గడ్డల విషయంలో పారిపోయే నీళ్లు విషం. అన్నం విషయంలో పారిపోయే నీళ్లే బలం. సిబ్బి ఒకటే, లెక్క మాత్రం తలకిందులు.

వందేళ్ల కిందట మద్రాసు రాష్ట్రంలో ఒక జబ్బు డాక్టర్లను బాగా తికమక పెట్టింది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనపడి మనుషులు చనిపోయేవారు. దాని పేరు బెరిబెరి. ఇది రాష్ట్రమంతా సమానంగా లేదు. విశాఖపట్నం నుంచి నెల్లూరు దాకా తెలుగు కోస్తాలోనే ఎక్కువ. పక్కనే తమిళ జిల్లాల్లో కూడా అందరూ అన్నమే తింటారు, అక్కడ పెద్దగా లేదు. ఎందుకు?

కూనూరులో పనిచేసిన రాబర్ట్ మెక్‌కారిసన్, ఆయన తర్వాత ఐక్రాయిడ్ దీని మీద చాలా పరిశోధన చేశారు. తేలింది ఇది. తమిళ ప్రాంతంలో ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను ముందే ఉడికించడం వల్ల పై పొరలో ఉండే బి1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది. కోస్తాంధ్రలో పచ్చి బియ్యం. మిల్లులు వచ్చాక ఆ పచ్చి బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టారు, పై పొర తవుడులో పోయింది. మిగిలిన కొంచెం విటమిన్ నీళ్లలో కరిగేది. బియ్యం రెండు మూడుసార్లు కడిగితే కొంత పోయింది, ఎక్కువ నీళ్లలో ఉడికించి గంజి వారిస్తే ఇంకొంత పోయింది. గంజి తాగినవాళ్లకు అది తిరిగి దక్కింది, తాగనివాళ్లకు దక్కలేదు.

ఇంట్లో రోట్లో దంచుకున్న బియ్యం, చోళ్ల అంబలి, సామల అన్నం తినేవాళ్లకు ఈ జబ్బు భయం తక్కువ, ఎందుకంటే పై పొర ఒంట్లోకే పోతుంది. అంబలికి వార్చడమే లేదు, కుండలో ఉన్నదంతా తాగడమే. గంజిని, అంబలిని "లేనివాళ్ల తిండి" అని తీసిపారేసినవాళ్లే చివరికి దాని విలువ లాబొరేటరీలో నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ కూనూరు లాబొరేటరీయే 1958లో హైదరాబాద్‌కు మారి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో ఉంది. మనలో చాలామంది ఉస్మానియాకు పోతూ ఆ గేటు ముందునుంచే వెళ్తుంటాం.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కొండల్లో కూడా తెల్ల బియ్యం పెరిగింది. ఆకలి తగ్గింది, దాన్ని కాదనలేం. కానీ చోళ్లు, సామలు, కొర్రలు తగ్గాయి. వాటితో పాటు వాటి జల్లెడలూ తగ్గాయి. కుక్కర్లు వచ్చాక అందరిదీ అత్తెసరు అన్నమే, గంజి వార్చేదే లేదు. అంటే విటమిన్ లెక్కలో కుక్కర్ మంచిదే. హాస్టళ్లలో మాత్రం పెద్ద డేగిసాలో వండి, సిబ్బి అడ్డం పెట్టి గంజి కాలవలోకి వంపేయడం మనం చూస్తూనే ఉన్నాం. మెస్ కమిటీలో ఉన్నవాళ్లు దీని గురించి ఒకసారి మాట్లాడండి.

వెదురు ఎవరిది?

మళ్లీ బుట్ట దగ్గరికి వద్దాం. బుట్ట ఎందుకు తగ్గిపోయింది? "ప్లాస్టిక్ వచ్చింది కాబట్టి" అని ఒక్క మాటలో చెప్పేస్తుంటారు. అది సగం నిజమే. ప్లాస్టిక్ రాకముందే వెదురు మన చేతిలోంచి పోయింది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేశారు. నిన్నటిదాకా అడగకుండా కొట్టుకున్న వెదురుకు పర్మిట్ అడగాల్సి వచ్చింది. 1927 భారత అటవీ చట్టం ఇంకో పని చేసింది, వెదురును "చెట్టు" కింద లెక్కేసింది. వెదురు నిజానికి గడ్డి జాతి, ఇది బోటనీ చదివినవాళ్లందరికీ తెలుసు. చట్టంలో చెట్టు అయ్యేసరికి దాన్ని కొట్టడం, మోసుకుపోవడం కలప దొంగతనంతో సమానం అయింది. బుట్ట అల్లుకుందామని నాలుగు బొంగులు తెచ్చుకున్నా గార్డుకు దొరికితే అంతే సంగతులు. మన పెద్దవాళ్లను అడగండి, ఇలాంటి కథ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది.

అదే సమయంలో వెదురు లారీలకు లారీలు కదిలింది. ఆదిలాబాద్ అడవుల పక్కన 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ పెట్టారు, ఆ ఊరి పేరే కాగజ్‌నగర్ అయింది. అటు రాజమండ్రిలో కూడా పేపరు మిల్లు. రెండింటికీ పక్కనున్న అడవుల వెదురే ఆధారం. కర్ణాటకలో అయితే ఒక పేపరు మిల్లుకు సర్కారు టన్ను వెదురు రూపాయిన్నరకే ఇచ్చిందని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ బయటపెట్టారు. బుట్టలల్లేవాళ్లు బజార్లో కొన్న ధర దానికి ఎన్నో రెట్లు. ఆ వెదురు కాగితం అయింది. ఆ కాగితం మీద మన చదువులు అచ్చయ్యాయి. కానీ అల్లే చేతికి మాత్రం బొంగు లేకుండా పోయింది.

సత్తు గిన్నె ఎక్కడిది?

వెదురు సిబ్బి పోయినచోటికి సత్తు సిబ్బి వచ్చింది. తెలంగాణలో సిల్వర్ గిన్నె అంటాం, అసలు పేరు అల్యూమినియం. దక్షిణాదిలో అల్యూమినియం గిన్నెల తయారీని 1898లో మద్రాసులోని ఆర్ట్స్ స్కూల్లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు మొదలుపెట్టాడు. తేలిక, చవక, పగలదు. నెమ్మదిగా సంతల్లోకి, అక్కడినుంచి మన పొయ్యిల మీదికి వచ్చింది.

అల్యూమినియం బాక్సైట్ నుంచి వస్తుంది. మన తూర్పు కనుమల కొండల నెత్తిన ఉన్న ఎర్రటి రాయి అదే. కోరాపుట్‌లో పంచపట్మాలి కొండను నాల్కో 1980ల నుంచి తవ్వుతోంది. నియమగిరిలో డోంగ్రియా కొంధులు ఒప్పుకోలేదు. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది, 12 గ్రామసభలూ వద్దన్నాయి. విశాఖ ఏజెన్సీలో 2015లో జీవో 97 ఇచ్చారు, ఊళ్లు లేచాయి, 2019లో అది రద్దయింది.

ఒక్కసారి వరసగా పెట్టి చూడండి. మన వెదురు పోయి కాగితం అయింది. వెదురు లేక కొన్న సత్తు గిన్నె కోసం కొండ అడుగుతున్నారు. సత్తు గిన్నె కొన్నవాళ్లది తప్పు అని మేం అనడం లేదు. మా ఇళ్లలోనూ అవే ఉన్నాయి. ఒక వంటింటి సామాను మారిందంటే దాని వెనక అడవి ఎవరి చేతిలోకి మారిందో చూడాలి అంటున్నాం.

చట్టంలో బుట్టకు చోటుంది

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. పేరు పెట్టి చేర్చింది. అంటే సంప్రదాయంగా సేకరించుకుంటున్న చోట దాన్ని సేకరించుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం గ్రామసభ ద్వారా మన హక్కు. 2011 ఏప్రిల్‌లో గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా అనే గోండు ఊరు తన వెదురును తానే అమ్ముకునే హక్కు సాధించుకుంది. రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది.

2017లో కేంద్రం 1927 చట్టాన్ని సవరించి వెదురును చెట్ల జాబితాలోంచి తీసేసింది అని సంబరంగా చెప్పుకుంటారు. జాగ్రత్తగా చదవండి. ఆ సవరణ అడవి బయట, పొలాల్లో పెంచే వెదురుకే. అడవిలోని వెదురుకు దారి చూపేది 2006 చట్టమే. మన రెండు రాష్ట్రాల్లో ఫారెస్టువాళ్ల రోజువారీ వ్యవహారం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నడుస్తుంది. అందుకే ఎవరైనా అడ్డుకుంటే ఏ చట్టం మాట్లాడుతున్నారో మనకు తెలిసి ఉండాలి.

ఇక అసలు సంగతి. సామూహిక హక్కుల కోసం ఫారం బి పెట్టేటప్పుడు సాక్ష్యం అడుగుతారు. మన దగ్గర కాగితాలు ఏముంటాయి? చాలా ఊళ్లు ఇక్కడే ఆగిపోతాయి. కానీ అదే చట్టం నియమాల్లో 13వ నియమం చూడండి. దుంపలు, గడ్డలు, అడవి పండ్లు, చిన్న అటవీ ఉత్పత్తులు సేకరించే చోట్లు, చేపలు పట్టే చోట్లు కూడా సాక్ష్యమే. పెద్దల మాటను రాసిపెడితే అదీ సాక్ష్యమే.

అంటే ఏ గుట్టమీద చేదు గడ్డలు తవ్వేవారు, వాటిని ఏ వాగులో ఏ రాళ్ల దగ్గర బుట్టలో పెట్టేవారు, మావు ఎక్కడ కట్టేవారు, జల్లెడకు వెదురు ఏ లోయలోంచి తెచ్చేవారు అని మీ అవ్వ చెప్పే మాటలు ఉత్త జ్ఞాపకాలు కావు. రాసుకుంటే అవి ఊరి హక్కు కాగితాలు. తవ్వకాల్లో దొరకని మన చరిత్రకు చట్టంలో ఇంత చోటుంది. రాసేవాళ్లే లేరు.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. ఊళ్లో ఇంకా అల్లే చెయ్యి ఎవరిది, ఏ రకాలు అల్లుతారు, ఒక్కోదాన్ని మీ భాషలో ఏమంటారు, బొంగు ఎక్కడిది, గడ్డ ఎక్కడిది, ఏ వాగు, ఏ నెల. కోయ, గోండి, కోలామి, కువి, సవర, ఏ భాషలో మాటను ఆ భాషలోనే రాయండి, తెలుగులోకి మార్చొద్దు. చెప్పిన పెద్దవాళ్ల వయసు, తేదీ వేసి, వాళ్ల వేలిముద్ర లేదా సంతకం తీసుకోండి. ఒక కాపీ మీ ఊరి అటవీ హక్కుల కమిటీకి ఇవ్వండి.

మీ భాషలో సిబ్బిని, జల్లెడను ఏమంటారో కింద కామెంట్లలో ఊరి పేరుతో సహా రాయండి. ఆ మాటలన్నీ ఒకచోట చేర్చి ఇంకో పోస్టు పెడతాం.